కాగితం పువ్వుని అరకు దాకా మోసిన చేతులు

చరిత్ర ఎపిసోడ్ అంటే రాజులు, కోటలు, యుద్ధాలు అనుకుని వచ్చినవాళ్లకి ముందే చెప్పేస్తున్నా. ఈరోజు మన హీరో ఒక కుండీ మొక్క. పేరు బోగన్‌విలియా. మన ఇళ్లల్లో కాగితం పువ్వు అంటాం. ముట్టుకుంటే అచ్చం గాలిపటం కాగితంలా గరగరలాడుతుంది కాబట్టి ఆ పేరు.

అరకు వెళ్లినవాళ్లకి ఇది బాగా తెలుసు. రిసార్టు గోడల మీద, గెస్ట్‌హౌస్ గేట్ల మీద గులాబీ, ఊదా, నారింజ రంగుల్లో విరగబూసి ఉంటుంది. నేను అరకు వీడియో పెట్టినప్పుడు బొర్రా గుహల కన్నా ఎక్కువ కామెంట్లు ఈ పువ్వుల మీదే వచ్చాయి. "అన్నా, అక్కడ అంత పూస్తుంది, మా బాల్కనీలో ఆకులు తప్ప ఏమీ రావట్లేదు, ఏం చేయాలి?" అని. చెప్తాను. కానీ ఆ మొక్క ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల మీదుగా ఇక్కడికి వచ్చింది అన్నది తెలిస్తే, దాన్ని ఎలా పెంచాలో సగం మీకే అర్థమైపోతుంది.

1766లో లూయీ ఆంత్వాన్ ద బూగన్‌విల్ అనే ఫ్రెంచ్ నౌకాధికారి ప్రపంచం చుట్టి రావడానికి బయలుదేరాడు. రెండు ఓడలు. ఒకటి బూదేజ్, రెండోది సరుకుల ఓడ ఎత్వాల్. ఆ రెండో ఓడలో ఫిలిబెర్ కొమర్సాన్ అనే వృక్షశాస్త్రవేత్త ఉన్నాడు. దారిలో ఎక్కడ ఆగితే అక్కడ మొక్కలు సేకరించి, కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టి, ఫ్రాన్స్‌కి చేర్చడం ఆయన డ్యూటీ. ఆయనతో పాటు ఒక పనివాడు ఎక్కాడు. తుపాకీ, సంచులు, మొక్కల్ని నొక్కే చెక్కలు, తిండి, అన్నీ మోసేది ఆ కుర్రాడే.

ఇక్కడ ట్విస్ట్ ఏంటంటే, ఆ కుర్రాడు కుర్రాడు కాదు. ఆవిడ పేరు జాన్ బారే. 1740లో ఫ్రాన్స్‌లోని బర్గండీలో ఒక పేద కుటుంబంలో పుట్టింది. అప్పట్లో ఫ్రెంచ్ నౌకాదళం ఓడల్లో ఆడవాళ్లకి ప్రవేశం లేదు. అందుకని మగ బట్టలు వేసుకుంది. ఆవిడ పేరు స్పెల్లింగ్‌లో చివరి అక్షరాలు తీసేస్తే మగ పేరు అయిపోతుంది. అంతే, ఓడ ఎక్కేసింది.

1767లో ఎత్వాల్ బ్రెజిల్‌లోని రియో డి జనీరో చేరింది. కొమర్సాన్‌కి కాలి మీద పుండు, సరిగ్గా నడవలేకపోతున్నాడు. గుట్టలెక్కి మొక్కలు తెచ్చే పని చాలా వరకు బారే మీదే పడింది. ఆ రియో పరిసరాల్లోనే, మెరిసిపోయే రంగు రేకులతో, ముళ్లతో, గోడలు పాకే ఒక మొక్క వాళ్ల సంచిలోకి చేరింది. కొమర్సాన్ దానికి తన కమాండర్ పేరు పెట్టాడు. 1789లో జుస్యూ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త తన పుస్తకంలో ఆ పేరుని అచ్చువేశాడు. అలా బూగన్‌విల్ దొరగారు మన పెరట్లోకి వచ్చి సెటిలైపోయారు. ఆ మొక్కని మొదట కోసుకొచ్చింది బారేనే అయ్యుంటుందని వాదించే చరిత్రకారులు కూడా ఉన్నారు.

మరి బారే ఏమైంది? 1768లో తహితీ దీవిలో దిగితే, అక్కడివాళ్లు చూడగానే ఆడమనిషి అని గుర్తుపట్టారని బూగన్‌విల్ తన యాత్ర పుస్తకంలో రాశాడు. ఆ ఏడాది చివర్లో కొమర్సాన్, బారే ఇద్దరూ మారిషస్‌లో దిగిపోయారు. 1773లో కొమర్సాన్ అక్కడే చనిపోయాడు. బారే తర్వాత ఒక ఫ్రెంచ్ సైనికుణ్ణి పెళ్లి చేసుకుని ఫ్రాన్స్ చేరింది. అలా ప్రపంచం చుట్టి వచ్చిన మొదటి మహిళ అయింది. 1785లో నౌకాదళ శాఖ ఆవిడకి ఏడాదికి 200 లీవ్రల పెన్షన్ ఇచ్చింది. 1807లో చనిపోయింది. కొమర్సాన్ పేరు పదుల కొద్దీ మొక్కలకి ఉంది. బారే పేరు మీద ఒక మొక్క రావడానికి 2012 దాకా ఆగాల్సి వచ్చింది. అదీ వంకాయ, టమాటా కుటుంబానికి చెందిన ఒక అడవి మొక్క, సోలానమ్ బారేటియే.

నేను కోడింగ్ నుంచి వచ్చినవాణ్ణి కదా, ఇలాంటివి చూస్తే ఒకటే గుర్తొస్తుంది. కోడ్ రాసేది ఒకరు, ప్రజెంటేషన్ మీద పేరు ఇంకొకరిది. అయితే ఆఫీసులో వెర్షన్ హిస్టరీ తీస్తే ఏ లైను ఎవరు రాశారో తెలిసిపోతుంది. మొక్కలకి ఆ సౌకర్యం లేదు.

సరే, మన దేశానికి ఎప్పుడొచ్చింది? 1860లో కలకత్తాకి. అక్కడ 1820లోనే విలియం కేరీ పెట్టిన అగ్రి హార్టికల్చరల్ సొసైటీ ఉంది. కొత్త మొక్కలు తెప్పించడం, పెంచడం, పంచడం వాళ్ల పని. అక్కడి నుంచి బంగళాలు, క్లబ్బులు, రైల్వే స్టేషన్లు, పార్కులు దాటుకుంటూ దేశమంతా పాకింది.

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌లో అసలు పాయింట్. మనం కుండీల్లో పెంచే బోగన్‌విలియా రకాలు విత్తనం కట్టడం చాలా అరుదు. చాలా వరకు సంకర రకాలు, గొడ్డు మొక్కలు. మరి ఎలా పెరుగుతాయి? కొమ్మ కత్తిరించి నాటాలి, లేదా అంటు కట్టాలి. కొమ్మతో వచ్చిన మొక్క తల్లి మొక్కకి అచ్చం కాపీ. అంటే మీ బాల్కనీలో ఉన్న మొక్క ఎవరో ఒకరు కొమ్మ కోసి ఇంకొకరి చేతికి ఇస్తే వచ్చింది. ఆ ఇచ్చిన మనిషికి ఇంకొకరు ఇచ్చారు. అలా వెనక్కి వెళ్తూ ఉంటే ఆ చేతుల గొలుసు ఎక్కడా తెగదు. తెగితే ఆ రకం అక్కడే అంతరించిపోయినట్టు.

రెండు ఉదాహరణలు. మిసెస్ బట్ అనే ఎర్ర రకం ఉంది. ఆ పేరుగల ఆవిడ 1910 ప్రాంతంలో ఒక కొమ్మని ట్రినిడాడ్ తీసుకెళ్లింది. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. ఆవిడ పేరు మిగిలింది అనుకుంటాం, కానీ మిగిలింది భర్త ఇంటిపేరు. ఇంకోటి మేరీ పామర్. ఒకే చెట్టుకి తెలుపూ, ముదురు గులాబీ రెండూ పూస్తుంది. 1949లో కలకత్తా సొసైటీ తోటలోనే, వేరే రకం చెట్టు మీద ఒక కొమ్మ ఉన్నట్టుండి రంగు మార్చుకుంది. ఆ ఒక్క కొమ్మని కోసి వేరుగా నాటితే ఈ రకం వచ్చింది. రోజూ ఆ తోటలో నీళ్లు పోసే మాలీలు లేకపోతే ఆ కొమ్మ బతికేదా?

మాలి అన్నాను కదా, ఇక్కడి నుంచి మన అరకు కొండలకి వెళ్దాం. విశాఖ మన్యంలో మాలి అనే ఒక గిరిజన తెగ ఉంది. తరతరాలుగా కూరగాయలు, పూలు పండించే వృత్తి వాళ్లది. పేరే తోటమాలి. బగత, కొండదొర, కోటియా, వాల్మీకి, పోర్జ, గదబ లాంటి తెగలతో కలిసి ఈ కొండల్లోనే ఉంటారు. అరకులో మీరు టికెట్ కొని వెళ్లే పద్మాపురం గార్డెన్స్ కూడా మొదట టూరిస్టుల కోసం పెట్టింది కాదు. 1942లో, రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో, సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలుపెట్టారు. తర్వాత 1960ల్లో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి కొత్తవలస, కిరండూల్ రైలు మార్గం వేశారు. మనం సొరంగాలు లెక్కపెట్టుకుంటూ రీల్స్ తీసే రైలు అదే లైన్లో వెళ్తుంది. రోడ్డు, రైలు వచ్చాక మనుషులతో పాటు మొక్కలూ వస్తాయి కదా.

అసలు అరకు పోస్టర్‌లో ఉండేవాటిని ఒకసారి లెక్కేయండి. కాఫీ పుట్టిల్లు ఇథియోపియా. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియాది. చలికాలంలో పసుపు తివాచీలా పూసే వలిసె పూలు, మన్యానికి సొంతం అనుకుంటాం, ఆ పంట కూడా మొదట ఇథియోపియాదే. బోగన్‌విలియా బ్రెజిల్‌ది. అందుకే "బయటి మొక్క కాబట్టి చెడ్డది" అనే మాట ఇక్కడ నిలబడదు. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, వచ్చింది. పుట్టింది ఎక్కడైనా, ఈ కొండల్లో గిరిజన రైతుల చేతుల్లో పెరిగింది కాబట్టి ఈ ఊరి పేరు దానికి దక్కింది. నా దృష్టిలో ఇది న్యాయం.

కానీ దీనికి ఇంకో వైపు కూడా ఉంది. లాంటానా తెలుసు కదా, రోడ్ల పక్కన పసుపు, గులాబీ రంగుల్లో చిన్న చిన్న పూల గుత్తులు, ఆకు నలిపితే ఘాటు వాసన. కొన్ని చోట్ల తలంబ్రాల చెట్టు అంటారు. అదీ అమెరికా ఖండాల నుంచే, అదీ తోటల్లో అందం కోసమే, 19వ శతాబ్దం మొదట్లో కలకత్తాకే వచ్చింది. కాగితం పువ్వుకి అక్క లాంటిది. కానీ దానికి పండ్లు కాస్తాయి. పిట్టలు తిని గింజలు అడవంతా పోస్తాయి. ఈరోజు తూర్పు కనుమలతో సహా దేశంలోని అడవుల్లో అది పొదలు పొదలుగా అల్లుకుపోయింది. దాని కింద గడ్డి పెరగదు. ఆకులు తింటే పశువులకి విషం. అడ్డాకులు, చింతపండు, కొండచీపుళ్ల కోసం రోజూ అడవిలోకి వెళ్లే మనిషికి దారే మూసేస్తుంది. అందం కోసం తెచ్చినవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు, ముళ్ల కంప మాత్రం కొండవాళ్లకి మిగిలింది.

రెండిటికీ తేడా చూడండి. లాంటానాకి మనతో పని లేదు. కాగితం పువ్వుకి మనిషి చెయ్యి లేకపోతే తర్వాతి తరం లేదు. అందుకే ఒకటి ఆక్రమించింది, ఇంకోటి ఇంకా గోడ మీదే చుట్టంలా ఉంది. కొత్త మొక్క ఏదైనా కొండ మీదికి తీసుకెళ్లే ముందు మనం అడగాల్సిన ప్రశ్న ఇదే: ఇది మనం చెబితే ఆగుతుందా?

సరే, ఇప్పుడు బాల్కనీ ప్రశ్న. ఈ మొక్క తాతలు పుట్టిన చోట ఎండ ఎక్కువ, వాన కాలం వేరు, పొడి కాలం వేరు. వానల్లో ఆకులు, కొమ్మలు పెంచుకుంటుంది, పొడిలో పూస్తుంది. అరకులో కూడా అదే వరస. జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు, తర్వాత పొడి గాలి, మంచి ఎండ. అందుకే అక్కడ విరగబూస్తుంది. మీరేమో ప్రేమతో రోజూ పొద్దున, సాయంత్రం నీళ్లు పోస్తున్నారు. మొక్క ఇంకా వానాకాలమే అనుకుంటోంది. ఆకులు కాక ఇంకేం వస్తాయి?

కాబట్టి ఒకటి, రోజుకి కనీసం ఆరు గంటల నేరు ఎండ. అది లేకపోతే మిగతా చిట్కాలన్నీ దండగ. రెండు, మట్టిలో వేలు పెట్టి చూడండి, పైన రెండంగుళాలు ఎండితేనే నీళ్లు. పూలు కావాలంటే కొన్ని వారాలు నీళ్లు బాగా తగ్గించి, ఆకులు కొంచెం వాడేటప్పుడు మాత్రమే పోయండి. మూడు, కుండీ అడుగున రంధ్రం ఉండాల్సిందే. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపితే చాలు. యూరియా వేస్తే మళ్లీ ఆకులే. నాలుగు, పూత అయిపోగానే కొమ్మలు కత్తిరించండి, కొత్త చిగుళ్ల మీదే పూలు వస్తాయి. ఐదు, కుండీ మార్చేటప్పుడు వేళ్ల మట్టి విదిలించొద్దు, దీని వేళ్లు చాలా సున్నితం. లంబసింగి లాంటి చోట మంచు గడ్డకట్టే రాత్రుల్లో కుండీని లోపల పెట్టుకోండి. ఇంకో విషయం, మీరు పువ్వు అనుకునే రంగు రేకులు నిజానికి ఆకులే. అసలు పువ్వు మధ్యలో ఉండే చిన్న తెల్లటి గొట్టం.

కొమ్మ నాటాలంటే, పెన్సిల్ లావు ముదురు కొమ్మ, జానెడు పొడవు, మూడు నాలుగు కణుపులు ఉండాలి. కింద కణుపు కిందుగా ఏటవాలుగా కోసి, ఆకులు తీసేసి, ఇసుక కలిసిన తడి మట్టిలో గుచ్చి నీడలో పెట్టండి. వేళ్లు రావడానికి నెల నుంచి రెండు నెలలు పట్టొచ్చు. మధ్యలో పీకి చూడకండి.

కొమ్మ ఎక్కడ దొరుకుతుంది? తోటలో ఎవరూ చూడకుండా విరవడం వద్దు. అక్కడ పనిచేసే మాలీని అడగండి, లేదా పక్కింటి పిన్నిగారిని అడగండి. కొనుక్కోవాలంటే కడియం నర్సరీలు ఉండనే ఉన్నాయి. ఒకే మొక్కకి నాలుగు రంగులు అంటు కట్టి అమ్ముతారు. అక్కడ పొద్దున్నుంచీ కూర్చుని అంటు కట్టే మనిషి పేరు కూడా కుండీ మీద ఉండదు.

బూగన్‌విల్ పేరు మార్చమని నేను అనట్లేదు, ఆ పేరుకి అలవాటైపోయాం. మీ ఇంట్లో కాగితం పువ్వు ఉంటే, ఆ కొమ్మ మీకు ఎవరిచ్చారో కామెంట్లో రాయండి. అమ్మమ్మ అయితే అమ్మమ్మ అని, కడియంలో అంటు కట్టిన అక్క అయితే అక్క అని. ఈ మొక్కకి ఇన్నాళ్లూ లేని వెర్షన్ హిస్టరీ మనమే మొదలుపెడదాం. ఉంటాను, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.