జంటనగరాల తాగునీరు: గండిపేట నుంచి గోదావరి దాకా

హైదరాబాద్ మహానగర ప్రజలకు తాగునీటిని అందించే బాధ్యతను హైదరాబాద్ మహానగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి నిర్వర్తిస్తున్నది. జలమండలిగా వ్యవహారంలో ఉన్న ఈ సంస్థ 1989 నాటి ప్రత్యేక చట్టం ప్రకారం అదే ఏడాది నవంబర్ 1న ఏర్పడింది. ముఖ్యమంత్రి దీనికి అధ్యక్షులుగా వ్యవహరిస్తారు. పత్రికా ప్రతినిధులు, అధికారుల ఉపయోగార్థం నగర నీటి వనరుల పూర్వాపరాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

1908 సెప్టెంబర్ 28న మూసీ నదికి వచ్చిన మహోపద్రవంలో సుమారు 15,000 మంది మరణించినట్లు అంచనా. ఆ తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి వరద నివారణకు సలహా కోరింది. ఆయన సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ (గండిపేట) 1920లోను, ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ 1927లోను రూపుదిద్దుకున్నాయి. వరదను ఆపడానికి కట్టినవే తాగునీటి చెరువులుగానూ అక్కరకు వచ్చాయి. గండిపేట నీరు ఆసిఫ్‌నగర్‌కు, హిమాయత్‌సాగర్ నీరు మీరాలం శుద్ధి కేంద్రానికి పల్లం వెంట దానంతట అదే చేరుతుంది. మోటారుతో పని లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తరువాతి పథకాలకు అవుతున్న వ్యయం సులభంగా బోధపడుతుంది.

జనాభా పెరిగేకొద్దీ నీటి కోసం నగరం దూరం వెళ్ళవలసి వచ్చింది. మంజీరా నది నుంచి 1965, 1981లలో రెండు దశలుగాను, సింగూరు జలాశయం నుంచి 1991, 1993లలో మరి రెండు దశలుగాను నీటిని తరలించారు. అయినా చాలలేదు.

కృష్ణా జలాల పథకంతో నగరానికి నీరు ఎత్తిపోయడం పెద్ద ఎత్తున మొదలైంది. తొలిదశ 2004లో, మలిదశ 2008లో, మూడో దశ 2015లో వినియోగంలోకి వచ్చాయి. ఒక్కొక్క దశ సామర్థ్యం రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు, అంటే దాదాపు 41 కోట్ల లీటర్లు. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు కాగా, హైదరాబాద్ నగరంలో చాలా భాగం సముద్రమట్టానికి 1,640 అడుగుల పైన ఉన్నది. నీరు వెయ్యి అడుగులకు మించి ఎక్కాలి. పుట్టంగండి వద్ద ఎత్తిపోసిన నీరు అక్కంపల్లి జలాశయానికి, అక్కడి నుంచి కోదండాపూర్ శుద్ధి కేంద్రానికి వస్తుంది. శుద్ధి అయిన నీటిని నసర్లపల్లి, గోడకొండ్ల కేంద్రాల మీదుగా దశలవారీగా గున్‌గల్ వరకు పంపు చేస్తారు. గున్‌గల్ నుంచి సాహెబ్‌నగర్‌కు మాత్రం మళ్ళీ పల్లం దారే. ఈ పంపింగుకయ్యే విద్యుత్తు ఛార్జీలు జలమండలి వ్యయంలో పెద్ద పద్దు.

గోదావరి జలాలది ఇంకా దూరపు ప్రయాణం. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం పూర్తి మట్టం 148 మీటర్లు. అక్కడి నుంచి మల్లారం శుద్ధి కేంద్రం, కొండపాక, ఘన్‌పూర్‌ల మీదుగా సుమారు 186 కిలోమీటర్లు పయనించి 2015 చివరలో నీరు నగరం చేరింది. ఈ తొలిదశ సామర్థ్యం రోజుకు 172 మిలియన్ గ్యాలన్లు. ఆ నీరు వచ్చిన సమయం గమనించదగినది. వర్షాభావం వల్ల 2016 వేసవి నాటికి సింగూరు, మంజీరా, జంట జలాశయాలు నాలుగూ అడుగంటాయి. నగరం ఆ వేసవిని కృష్ణా, గోదావరి జలాలతోనే గట్టెక్కింది.

దూరపు నదులు వచ్చాయని దిగులు తీరిపోయిందనుకోవడానికి వీలులేదు. సాగర్‌లో నీటిమట్టం 510 అడుగుల దిగువకు చేరితే నగరానికి అత్యవసర పంపింగ్ ఏర్పాట్లు అవసరమవుతాయి. 2024 వేసవిలో ఆ అవసరం కలిగింది. జంట జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడేందుకు 1996 మార్చి 8న వెలువడిన జీవో 111 ద్వారా 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు విధించగా, 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ఆ ఆంక్షలను సడలించడం జరిగింది. ఈ విషయంపై వ్రాసేవారు రెండు ఉత్తర్వులనూ కలిపి చదవడం మంచిది.

నీరు నగరం చేరిన తరువాత నల్లా దాకా వెళ్ళే దారి మరొక సమస్య. అనేక ప్రాంతాల్లో సరఫరా రోజు విడిచి రోజు జరుగుతుంది. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి తగ్గుతుంది. పక్కనే మురుగు కాలువ ఉండి, పైపుకు చిల్లు పడి ఉంటే ఆ మురికి లోపలికి చొరబడుతుంది. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషిత నీటి వల్ల పలువురు ప్రాణాలు కోల్పోయారు. అందుకే శుద్ధి కేంద్రంలో క్లోరిన్ కలిపితే సరిపోదు. వినియోగదారుని నల్లా వద్ద కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది భారతీయ ప్రమాణం. నీరు రంగు మారినా, వాసన వచ్చినా ఆ నీటిని వాడకుండా వెంటనే 155313 నంబరుకు తెలియజేయవలసి ఉంటుంది.

గృహావసరాల కనెక్షన్లకు నెలకు 20,000 లీటర్ల వరకు ఉచితంగా నీరందించే పథకం 2021 జనవరిలో ప్రారంభమైంది. ఇది వచ్చాక మీటరు ప్రాధాన్యం పెరిగింది. ఎంత వాడినదీ తెలియనిదే ఎంత ఉచితమో లెక్క తేలదు కదా.

చివరగా కొలతల విషయం. జలాశయాల నిల్వను టీఎంసీలలోను, రోజువారీ సరఫరాను మిలియన్ గ్యాలన్లలోను చెప్పడం వాడుక. వార్తల్లో ఈ రెండూ తరచు తారుమారవుతున్నాయి. ఒక టీఎంసీ అంటే సుమారు 2,832 కోట్ల లీటర్లు. ఒక మిలియన్ గ్యాలన్లు సుమారు 45.46 లక్షల లీటర్లు. రోజుకు 90 మిలియన్ గ్యాలన్ల చొప్పున ఏడాది పొడవునా తీసుకుంటే అది 5.27 టీఎంసీలవుతుంది. కృష్ణా పథకంలో ఒక్కొక్క దశకు 5.5 టీఎంసీల కేటాయింపు ఈ లెక్కకు దగ్గరగా ఉన్నది.