ఇరవై నాలుగేళ్ళ దివాను

మొన్న దసరాకి మా తమ్ముడు ఊరికొచ్చాడు. ఊరంటే వేములఘాట్ కాదు లెండి. అది 2021లో ఖాళీ అయి, మల్లన్నసాగర్ నీళ్ళకిందికి పోయింది. ఇప్పుడు మా అమ్మ ఉండేది గజ్వేల్ పక్కన పునరావాస కాలనీలో. ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయేమో, వాడు వచ్చిన ప్రతిసారీ పక్కింటి గేటు తీయబోతాడు.

వాడు హైదరాబాదులో ఒక కంప్యూటర్ కంపెనీలో మేనేజరు. రాత్రి భోజనాలయ్యాక మెట్లమీద కూర్చుని, "అక్కా, పని తగ్గిందట. నా కింద నలభై మందిల ఎనిమిది పేర్లు రాసియ్యమంటున్నరు. సోమవారం దాకనే టైము" అన్నాడు.

చరిత్ర ముఖ్యాంశంగా బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని, నాకు మేనేజిమెంటు ఏం తెలుసు? కానీ సాలార్‌జంగ్ జ్ఞాపకమొచ్చాడు. మ్యూజియం సాలార్‌జంగ్ కాదు. ఆ వస్తువుల్లో చాలావరకు మనవడు పోగుచేసినవి. నేనంటున్నది తాతగారు, మీర్ తురాబ్ అలీ ఖాన్ సంగతి.

1853 మే నెల. నిజాం ఖజానా ఖాళీ. కంపెనీవారి కంటింజెంటు సైన్యం ఖర్చు తాలూకు బాకీ పెరిగి పెరిగి, చివరికి పత్తి పండే బీరారు సీమని వాళ్ళకి అప్పగించాల్సి వచ్చింది. ఒప్పందం జరిగిన కొద్దిరోజులకే దివాను సిరాజ్-ఉల్-ముల్క్ కన్నుమూశాడు. ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఆయన తోడబుట్టినవాడి కొడుకుని. వయసు 24. అనుభవమల్లా ఖమ్మం వైపు కొన్ని నెలలు తాలూకాదారుగా చేయడం. మునిగే పడవకి కొత్త సరంగు అన్నమాట.

అప్పట్లో శిస్తు వసూలు గుత్తకిచ్చేవారు. పాట పాడుకున్నవాడు ముందుగా సర్కారుకి కొంత కట్టి, ఆపైన రైతు దగ్గర దొరికినంత పిండుకునేవాడు. రేపు ఇంకొకడు ఎక్కువకి పాడితే తన పని ఆఖరు కాబట్టి, ఇవాళే పిండేవాడు. అప్పులిచ్చిన సాహుకార్లు, అరబ్బు జమేదార్లు తాలూకాలకి తాలూకాలే తాకట్టు పెట్టించుకున్నారు. బాకీదారుని తమ ఇంట్లోనే బంధించే జమేదార్లూ ఉండేవారు!

"మరి ఆయన ఎవలను తీసేసిండు?" అన్నాడు తమ్ముడు. వాడికి కావలసింది అదే కదా!

గుత్తేదార్లని. వాళ్ళ చోట జీతం మీద పనిచేసే తాలూకాదార్లని పెట్టాడు. తాకట్టులో ఉన్న తాలూకాలని ఒక్కొక్కటే విడిపించుకున్నాడు. జమేదార్ల జోరుని మెల్లమెల్లగా తగ్గించాడు. ఒక్కసారిగా పొమ్మంటే వాళ్ళ చేతుల్లో తుపాకులున్నాయి మరి. ఊరికో టంకశాల గొడవ మాన్పించి హాలీ సిక్కా తెచ్చాడు. జిల్లాబందీ జరిగి, మా వైపు మెదక్ జిల్లా రూపు కట్టడానికి 1865 వచ్చింది. అంటే పన్నెండేళ్ళు! మా వాడికేమో సోమవారం గడువు.

పైవాడి మాట చెప్పనేలేదు. నిజాం అఫ్జల్-ఉద్-దౌలాకి దివానంటే అసూయ. తోటలో విందు చేసుకోవాలన్నా అనుమతి కావాలి. 1859లో దర్బారునించి రెసిడెంటుతో కలిసి బయటికొస్తుండగా తుపాకి పేలింది. 1868లో ఈద్ దర్బారుకి వెళ్తుంటే మళ్ళీ పేలింది. రెండుసార్లూ బతికిపోయి పనికి పోయాడు.

తమ్ముడు నవ్వాడు. "మా బాసు నయమే అక్కా."

అంతా మేలే చేశాడనను. శిస్తు వసూలు హక్కు పోయినందుకు దేశ్‌ముఖులకి ఏటేటా రుసుం కట్టబెట్టాడు. డబ్బు వచ్చింది, పలుకుబడి పోలేదు. తరవాతి కాలంలో చాలామంది ఊళ్ళలోని మంచి భూములన్నీ కలిపేసుకుని దొరలై కూర్చున్నారు. మా నాయనమ్మ చిన్నప్పుడు దొరవారి ఇంటిముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిందట. హైదరాబాదులో ఖజానా లెక్క సరిపోయింది కానీ, ఆ మిగిలిన లెక్క ఊళ్ళ మీద పడింది. సాలార్‌జంగ్‌ని పొగిడే పుస్తకాలు ఇక్కడికొచ్చేసరికి పేజీ తిప్పేస్తాయి. నాకు కోపం.

ఆయన మనసులో బీరారు మాత్రం పోలేదు. 1876లో ఇంగ్లండుదాకా వెళ్ళాడు. దారిలో పారిస్ హోటల్లో మెట్లమీద జారిపడ్డాడు కూడా. లండన్‌లో సన్మానాలు జరిగాయి, బీరారు రాలేదు. 1883 ఫిబ్రవరి 8న కలరాతో పోయాడు. 1902లో కర్జన్ ఆ సీమని ఏడాదికి 25 లక్షలకి శాశ్వత కౌలు రాయించుకున్నాడు.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. "గుత్తేదార్లు మా కాడ గూడ ఉన్నరక్కా. మనుషులను తెచ్చిపెట్టే ఏజెన్సీ ఒకటుంది. తలకింతని నెలనెలా కమీషను" అని, అమ్మ కిరాణా చీటీ వెనక లెక్క రాయడం మొదలుపెట్టాడు.

"ముందుగాల పండుకోండ్రి బిడ్డా" అని అమ్మ రెండుసార్లు కేకేసింది.

ఒంటిగంటకి లెక్క తేలింది. ఎనిమిదిలో అయిదు పేర్లు అక్కర్లేకుండా పోయాయి. మూడు మిగిలాయి. ఆ మూడూ వాడు రాయలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, తెల్లారి మొదటి బస్సుకే వెళ్ళిపోయాడు.