గాజు దీపం చెప్పే చరిత్ర

రాజమండ్రి, కాకినాడ, ఏలూరు ప్రాంతాల నుండి హైదరాబాదు వెళ్ళే మన సోదరులు చార్మినార్, మక్కా మస్జిద్ చూచిన పిమ్మట సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్ళడం పరిపాటి. మూడవ సాలార్‌జంగ్ నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరించిన వస్తువులే అందులో అధికం. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో ప్రారంభమైన ఈ మ్యూజియం 1968లో మూసీ ఒడ్డున గల ఇప్పటి భవనానికి మారింది. గంటల గడియారం దగ్గర, మేలిముసుగు రెబెక్కా శిల్పం దగ్గర జనం గుమికూడుతారు. గాజు వస్తువుల వద్ద మాత్రం ‘విలాయతీ పనితనం ఎంత గొప్పది!’ అనుకొని ముందుకు సాగిపోతారు. నేను వెళ్ళినప్పుడల్లా ఎక్కువసేపు నిలిచేది అక్కడే. వెనిస్, బొహీమియా, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశాల గాజు చూడముచ్చటైనదే. కాని ఆ పనితనం వెనుక తూర్పుదేశాల చరిత్ర ఒకటున్నది.

గాజుకు మూలం ఇసుక. గోదావరి ఒడ్డున పెరిగినవారికి ఇసుక కొత్త కాదు. అయితే అది విడిగా కరగాలంటే సుమారు 1700 డిగ్రీల వేడి కావాలి. సోడా క్షారం కలిపితే చాలా తక్కువ వేడికే కరుగుతుంది. సున్నం చేరితే నీటికి తట్టుకుంటుంది. సిరియా పనివారు ఉప్పునేలల మొక్కలను కాల్చి, ఆ బూడిదను క్షారంగా వాడేవారు. గొట్టంతో ఊది పాత్రలు చేసే పద్ధతి క్రీ.పూ. మొదటి శతాబ్దంలో ఆ ప్రాంతంలోనే పుట్టింది. కనుక ఈ విద్యను ముస్లిములు కనిపెట్టలేదు, అందుకొని పెంచారు.

ఈజిప్టులోని ఫుస్తాత్‌లో దొరికిన ఒక గాజుపాత్రపై 773లో గవర్నరుగా ఉన్న అబ్దుస్సమద్ ఇబ్న్ అలీ పేరున్నది. లోహకాంతినిచ్చే రంగుతో చిత్రించిన గాజులో కాలం తెలిసిన తొలి నమూనాలలో అదొకటి. మమ్లూక్ సుల్తానుల కాలంలో, 13, 14 శతాబ్దాలలో, ఈ కళ మస్జిద్ దీపాలలో శిఖరాన్ని అందుకున్నది. బంగారు పూత, నీలపు మీనా పనిగల ఆ దీపాలు నేటికీ కైరో, లండన్ మ్యూజియంలలో ఉన్నాయి. వాటిలో పెక్కింటిపై సూరహ్ నూర్‌లోని 35వ ఆయత్ ఆరంభం లిఖించబడి ఉంటుంది.

అనువాదకునిగా నాకు ఆ ఆయత్‌లోని ‘జుజాజహ్’ అనే మాట ఆలోచన కలిగిస్తుంది. తెలుగులో ‘గాజు’ అనగానే చేతి గాజులు కూడా స్ఫురిస్తాయి. పారసీక ‘శీషా’ నుండి వచ్చిన మన ‘సీసా’ బుడ్డికే పరిమితమైంది. ఆ దీపాల సంగతి తెలిసినప్పుడు పోలిక తేటపడుతుంది. గాజు వెలుగును పుట్టించదు. దీపాన్ని గాలి నుండి కాచి, వెలుగును నలుదిశలకు పంచుతుంది.

ఈ విద్య చేతులు మారిన తీరు గమనార్హం. సిరియా తీరం నుండి వెనిస్‌కు పోయే పగిలిన గాజుపై సుంకం ప్రస్తావన 1277 నాటి ఒక ఒప్పందంలోనే కనిపిస్తుంది. 1291లో వెనిస్ ప్రభుత్వం తన కొలుములను మురానో దీవికి తరలించింది. 1401లో తైమూర్ దమిష్క్‌ను కొల్లగొట్టి, అక్కడి పనివారిని సమర్‌ఖంద్‌కు తరలించాడు. పతనానికి ఈ ఒక్క దండయాత్రే కారణమనడం సరికాదు గాని, 15వ శతాబ్దంలో ఆ కళ క్షీణించిన మాట నిజం. 1569 నాటికి ఉస్మానీ ప్రధానమంత్రి సొకొల్లూ మహమ్మద్ పాషా 900 మస్జిద్ దీపాల కోసం వెనిస్‌కే ఆర్డరు పంపవలసి వచ్చింది!

పాషా వద్ద ధనానికి కొదువ లేదు. ధనంతో దీపాలు వచ్చాయి గాని కొలుములు రాలేదు. వెనిస్ మన సొత్తును దొంగిలించిందని నిందించడం వలన కూడా ప్రయోజనం లేదు. అది శ్రద్ధగా నేర్చుకున్నది, నేర్చినవారిని దగ్గర ఉంచుకున్నది. మన మదరసాలలో సూరహ్ నూర్ బోధించే ఉస్తాదులు ఇసుక గాజుగా ఎలా మారుతుందో కూడా రెండు మాటలు చెప్పితే, ఆ పిల్లలు మ్యూజియంలోని గాజు ముందు మరికొంతసేపు నిలుస్తారు.