ట్రెబ్లింకాలో దొరికిన టైల్స్

తొమ్మిదో తరగతిలో హిట్లర్ పాఠం చదివినప్పుడు మా క్లాసులో ఒక ప్రశ్న వచ్చింది. గ్యాస్ గదుల్లోకి వెళ్ళినవాళ్ళు ఎవరూ తిరిగి రాలేదు కదా, మరి లోపల ఏం జరిగిందో ఎలా తెలిసింది? ఈ ప్రశ్నకు పోలండ్‌లోని ట్రెబ్లింకాలో జవాబు వెతకడం చాలా కష్టం, ఎందుకంటే అక్కడ నాజీలు చూడ్డానికి ఏమీ మిగల్చలేదు.

ఈ శిబిరం వార్సాకు ఈశాన్యంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, అడవిలో ఉండేది. 1942 జూలైలో మొదలైంది. రైళ్ళలో తెచ్చిన యూదులను స్నానానికి అని చెప్పి గదుల్లోకి తోసి, ఇంజన్ పొగ వదిలి చంపేవారు. ఏడు లక్షల నుంచి తొమ్మిది లక్షల మంది దాకా చనిపోయారని చరిత్రకారుల లెక్క. తర్వాత పూడ్చిన శవాలను పైకి తీసి కాల్చేశారు. 1943 చివర్లో భవనాలు పడగొట్టి, నేల దున్ని, లూపిన్ మొక్కలు వేశారు. అక్కడే ఒక ఇల్లు కట్టి, కాపలావాడు ఒకణ్ణి రైతులాగా కాపురం పెట్టించారు! హంతకుడు కత్తి కడుక్కోవడం కథల్లో చదివాం. ఇక్కడ నేలనే కడిగేశారు.

కానీ కొందరు మనుషులు మిగిలారు. శవాలు మోయడానికి, బట్టలు వేరు చేయడానికి కొంతమంది ఖైదీలను బతకనిచ్చారు. 1943 ఆగస్టు 2న వాళ్ళు తిరగబడి కంచె దాటారు. యుద్ధం ముగిసేదాకా బతికింది వంద మందిలోపే. వాళ్ళలో యాంకెల్ వియెర్నిక్ ఒకరు. ఆయనది వడ్రంగి పని. కట్టడం పనులు ఆయన చేత చేయించారు కాబట్టి ఏది ఎక్కడ ఉందో ఆయనకు బాగా తెలుసు. ఆయన రాసిన చిన్న పుస్తకం 1944లో వార్సాలో రహస్యంగా అచ్చయింది. 1961లో ఐక్‌మన్ విచారణలో కూడా సాక్ష్యం చెప్పారు.

సాక్షుల మాటలన్నీ ఒక్కలా లేవు. పెద్ద భవనంలో ఎన్ని గదులు ఉన్నాయనే దాని మీదే తేడాలున్నాయి. దీన్ని పట్టుకుని కొందరు అంతా అబద్ధమే అన్నారు. నాకైతే అందరూ అప్పజెప్పినట్టు ఒకే మాట చెబితేనే అనుమానం వచ్చేది.

1945లోనే ఒక పోలండ్ న్యాయాధికారి వచ్చి పరిశీలిస్తే ఎముకలు, బూడిద, నాణేలు, వంట సామాన్లు కనబడ్డాయి. ఆ తర్వాత చాలా ఏళ్ళు తవ్వలేదు. యూదు మతంలో సమాధులను కదిలించకూడదు. అందుకని 2010లో బ్రిటన్ పురావస్తు శాస్త్రవేత్త కరోలిన్ స్టర్డీ కోల్స్ ముందు పార పట్టకుండా రాడార్ వాడారు. ఆ యంత్రం నేలలోకి తరంగాలు పంపుతుంది. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి, ఎప్పుడూ కదలని మట్టి వేరువేరుగా జవాబిస్తాయి. అలా పెద్ద పెద్ద గుంటలు బయటపడ్డాయి. సమాధులే లేవన్నవాళ్ళకు అది గట్టి దెబ్బ.

తర్వాత అనుమతి తీసుకుని కొన్ని చోట్ల తవ్వారు. ఇటుక గోడ పునాదులు, నారింజ రంగు టైల్స్ దొరికాయి. గ్యాస్ గదులు ఇటుక భవనమని, టైల్స్ వేశారని సాక్షులు ఎప్పుడో చెప్పారు. ఇంకో సంగతి, ఆ టైల్స్ మీద నక్షత్రం గుర్తు ఉంది. చూడగానే యూదుల దావీదు నక్షత్రమే అనుకున్నారు. భవనం ముందు భాగంలో అలాంటి నక్షత్రం ఉండేదని సాక్షులు కూడా చెప్పారు మరి. విచారిస్తే అది టైల్స్ తయారు చేసిన పోలండ్ ఫ్యాక్టరీ ముద్ర!  నక్షత్రం వేరేదైనా టైల్స్ అబద్ధం కాలేదు. సాక్షులు చెప్పిన గచ్చు మట్టి కింద ఉంది.

ఆ శిబిరం నుంచి బతికి బయటపడ్డవాళ్ళలో చివరివారు సామ్యూల్ విలెన్‌బర్గ్. ఆయన శిల్పి, తాను చూసిన మనుషులను కంచు బొమ్మలుగా చేశారు. 2016లో, 93 ఏళ్ళ వయసులో చనిపోయారు. ఇప్పుడు తవ్వకాల్లో ఏదైనా దొరికితే "ఇది ఏమిటి?" అని అడగడానికి అక్కడ ఉన్న మనిషి ఒక్కరూ లేరు.