దంత గ్లాస్ సిరామిక్

దంత గ్లాస్ సిరామిక్ అనేది గాజును నియంత్రిత పద్ధతిలో వేడిచేసి, దానిలో సూక్ష్మ స్ఫటికాలు ఏర్పడేటట్లు చేసి తయారుచేసే పదార్థం. విరిగిన, అరిగిన, రంగు మారిన దంతాలకు క్యాపులు (తొడుగులు), వెనీర్లు (ముందుభాగాన అతికించే పలుచని రేకులు), పూరకాలు చేయుటకు దీనిని వాడతారు. నెల్లూరు ప్రాంతంలో చిరకాలంగా తెలిసిన ఫ్లోరోసిస్ వలన మచ్చలు పడిన దంతాలను సరిచేసే మార్గాలలో ఇది ఒకటి.

నిర్మాణం

గాజులో అణువులకు క్రమమైన అమరిక ఉండదు. అందువలన ఒకచోట పుట్టిన పగులు సులభంగా సాగిపోతుంది. గ్లాస్ సిరామిక్‌లో పగులు స్ఫటికానికి తగిలి దారి మళ్ళుతుంది లేదా ఆగిపోతుంది. మిగిలిన గాజు భాగం కాంతిని లోనికి పోనివ్వడం వలన సహజ దంతపు మెరుపు వస్తుంది.

దీని ప్రధాన ముడిపదార్థం సిలికా. నెల్లూరు తీరంలోని చిల్లకూరు, కోట మండలాల తెల్ల ఇసుకలో ఉన్నది కూడా సిలికాయే. ఆ ఇసుకను గాజు పరిశ్రమలో వాడతారు. దంత పదార్థాలకు అత్యంత శుద్ధమైన సిలికా అవసరం.

చరిత్ర

1953లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ శాస్త్రవేత్త డొనాల్డ్ స్టూకీ ఒక గాజు ముక్కను కొలిమిలో ఉంచగా, ఉష్ణోగ్రత 600 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆగక 900 డిగ్రీలకు పెరిగింది. గాజు కరగలేదు, తెల్లబడింది. కిందపడినా పగలలేదు. 1968లో మెకల్లక్ దీనిని దంతవైద్యంలో వాడవచ్చునని ప్రతిపాదించాడు.

రకాలు

* మైకా రకం: 1980వ దశకంలో డైకార్ పేరుతో వచ్చింది. గూడూరు గనుల మైకా భూమిలో సహజంగా ఏర్పడినది కాగా, ఇందులోని ఫ్లోరిన్ మైకా గాజులోనే పుట్టించిన స్ఫటికం. నమలే దంతాలపై ఎక్కువగా విరగడం వలన దీని వాడకం తగ్గిపోయింది.
* ల్యూసైట్ రకం: 1990వ దశకం ఆరంభం నుండి వాడుకలో ఉంది. ముందరి పళ్ళకు అనువైనది.
* లిథియం డైసిలికేట్ రకం: 1998లో వచ్చింది. మెరుగుపరచిన రూపం 2005లో వెలువడింది. సూదుల వంటి స్ఫటికాలు సుమారు 70 శాతం ఉంటాయి. వంపు బలం సుమారు 360 నుండి 400 మెగాపాస్కల్‌లు. యంత్రంతో చెక్కే దిమ్మె మొదట నీలిరంగులో, మెత్తగా ఉంటుంది. చెక్కిన పిదప సుమారు 850 డిగ్రీల వద్ద కాల్చగా దంతపు రంగు, పూర్తి బలం వస్తాయి.

జిర్కోనియా వీటికంటే బలమైనది. అయితే అందులో గాజు భాగం ఉండదు కనుక అది గ్లాస్ సిరామిక్ కాదు.

అమర్చే విధానం

లోపలి తలాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గరుకుగా చేసి, సిలేన్ పూసి, రెసిన్ సిమెంటుతో దంతానికి అతికిస్తారు. ఈ ఆమ్లం చాలా ప్రమాదకరమైనది. దీనిని నోటి వెలుపలనే వాడుట మేలు.

నెల్లూరు, ఫ్లోరోసిస్

1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని వివరించారు. ఎనామిల్ ఏర్పడే బాల్యదశలో తాగునీటిలో ఫ్లోరైడ్ అధికమైతే దంతాలపై తెల్లని, గోధుమరంగు మచ్చలు శాశ్వతంగా నిలుస్తాయి. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

మచ్చలు స్వల్పమైతే పైపొరను కొద్దిగా అరగదీయడం, తెలుపుచేయడం సరిపోవచ్చు. మచ్చలు లోతుగా ఉన్నప్పుడు వెనీర్లు వేస్తారు. ఫ్లోరోసిస్ సోకిన ఎనామిల్ ఆమ్లానికి తేలికగా లొంగదు కనుక అతికించడంలో అదనపు జాగ్రత్త అవసరం.

పరిమితులు

వెనీరు కోసం సాధారణంగా ఎనామిల్‌ను కొంత అరగదీయాలి. అరగదీసిన ఎనామిల్ తిరిగి పెరగదు. పళ్ళు కొరికే అలవాటు ఉన్నవారికి, పొడవైన వంతెనలకు ఇది అనువైనది కాదు. ఇది మచ్చను కప్పుతుందే గాని వ్యాధిని నివారించదు. తరువాతి తరపు పిల్లల దంతాలను కాపాడేది సురక్షితమైన తాగునీరే.