వంకాయమూసయు నానోతీగెయు

సిద్ధనాగార్జునుడు శ్రీశైలమున బంగారము చేసెనను కథ మా పొదిలి, మార్కాపురము ప్రాంతముల వినని పెద్ద లేడు. ఆ కథ నెఱిగిన యొకరు నానోతీగెలుకూడ మన రసశాస్త్రములలో నున్నవేనా యని న న్నడిగిరి. లేవని చెప్పితిని. కాని యున్నదానిని దాచుటయు న్యాయము కాదు.

తుత్తునాగము చిత్రమైన లోహము. దాని ఖనిజమైన ఖర్పరమును బొగ్గుతో కాల్చిన, సీసమువలె కరగి కొలిమి యడుగున నిలువదు; ఆవిరియై లేచును. ఆ యావిరికి గాలి తగిలెనా, తెల్లని భస్మమగును. అదే జింకు ఆక్సైడు. సుమారు 13వ శతాబ్దపు రసరత్నసముచ్చయము దీని కుపాయము చెప్పినది. ఖర్పరమును పసుపు, లక్క మున్నగువానితో నూరి, గొట్టముగల వంకాయమూసలో నుంచి, తలక్రిందుగా నిలిపి కాల్చవలెను. పసుపును లక్కయు మూసలో మాడి బొగ్గగును. ఆవిరి క్రిందికి దిగి చల్లబడి లోహమగును. ఇవి కవుల కల్పనలు కావు. ఉదయపురము చేరువనున్న జావరులో నట్టి మూసలు గుట్టలుగా పడియున్నవి. 1983లో త్రవ్విన కొలుములలో నొక్కొక్కదానికి 36 మూసలు పట్టునట్లున్నవి. ఐరోపాలో విలియం చాంపియను తన పద్ధతికి హక్కుపత్రము పొందినది 1738లో.

ఇక 2001లో అమెరికాలోని బర్క్లీలో పైడాంగ్ యాంగ్ ప్రభృతులు జింకు ఆక్సైడును గ్రాఫైటుతో కలిపి దాదాపు 900 డిగ్రీలవఱకు వేడిచేసిరి. గ్రాఫైటన బొగ్గు జాతిదే. లేచినది యా యావిరియే. జావరువారు గాలి సోకకుండ కాపాడిన యావిరిని వీరు మరల ఆక్సైడుగా మాఱనిచ్చిరి, అదియు నెక్కడ బడిన నక్కడ కాదు. నీలమణి పలకపై బంగారు పూత పూసిరి. వేడికి పూత బిందువులుగా విడి, ఒక్కొక్క బిందువు ఆవిరిని పట్టుకొనగా, దానికడ నొక్కొక్క తీగె నారుమడిలో పైరువలె నిటారుగా మొలచినది. దాని లావు మన తలవెండ్రుకలో వేయవవంతు. బంగారు బిందువు కిటుకుమాత్రము వారిది కాదు. 1964లో వాగ్నరు, ఎల్లిసులు సిలికానుతో కనుగొన్నదే. నాగార్జునుడు బంగారము చేయ జూచెనందురు. వీరు బంగారముచే పని చేయించుకొనిరి! కొలిమియే యక్కఱలేక, కాగని వేడినీటిలో జింకు లవణమునుండి యీ తీగెలను పెంచు మార్గమును 2003లో వేసియరు చూపెను.

ఇంత సన్నని తీగె దేనికందురా? గాలిలోని ప్రాణవాయువు దాని పైపొరనంటి కొంత విద్యుత్తును పట్టియుంచును. వంటగ్యాసువంటిది సోకినంతనే యా పట్టు సడలి తీగెలో ప్రవాహము హెచ్చును. లావు తీగెలో పైపొర మార్పు లోపలికి తెలియదు. సన్నని దానిలో నంతయు పైపొరవంటిదే. అందుచే స్వల్పమైన వాయువునైన పసికట్టును. అయితే సోకినది యే వాయువో తేటగా చెప్పలేదు, తేమకుగూడ చలించును. పండితులిప్పటికిని పెనగులాడుచున్న దా లోపముతోనే.