చెట్టును ఎక్కడ దాచుకోవాలి?

ఇత్తడి గిన్నె చిల్లుపడితే మాటు వేయించుకుంటాం. మరీ పాడైతే పాతసామానుకి వేసి కొత్తది తెచ్చుకుంటాం. కాని పెరట్లో చెట్టు పోతే ఏ కొట్లో తెచ్చుకుంటాం, చెప్పండి?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మా విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మర్నాడు తలుపు తీసి చూద్దునుగదా, పెరడంతా ఆకాశమే! మా అత్తగారు కాపరానికొచ్చిన ఏడు నాటిన వేపచెట్టు వేళ్ళతో సహా గోడమీద పడి ఉంది. ఆవిడ ఏడవలేదు. “ఇక ఉగాదికి పువ్వు ఎవరింటికెళ్ళి అడగాలో!” అన్నారు, అంతే.

“దానికేం, మొక్క కొనుక్కొద్దామండీ” అన్నాను.

“కొన్న మొక్క వేపే అవుతుందమ్మాయ్, మన వేప అవుతుందా?” అన్నారు.

పోనీ, గింజలు దాచుకోలేకపోయామే అనుకున్నాను. కాని వేపగింజ కందిపప్పులా డబ్బాలో పోసి ఉంచుకునేది కాదుట. వేసవిలో పండి రాలిన కొద్ది వారాలకే మొలిచే శక్తి పోతుందిట.

ఆ దిగుల్లోనే బుద్ధగయ బోధివృక్షం కథ చదివాను. ఈనాడు అక్కడున్న రావి, బుద్ధుడు కూర్చున్న నాటి చెట్టు కాదు. ఆ చెట్టుకి వచ్చినన్ని గండాలు ఏ చెట్టుకీ వచ్చి ఉండవు. అశోకుడి రాణి తిష్యరక్షిత, రాజుగారు తనకంటే చెట్టునే ఎక్కువగా చూసుకుంటున్నారని అసూయపడి దాన్ని పాడుచేయించిందని సింహళుల మహావంశం చెబుతుంది. ఏడో శతాబ్దంలో శశాంకుడు నరికించాడనీ, పూర్ణవర్మ ఆవుపాలు పోయించి మళ్ళీ చిగురింపజేశాడనీ చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ రాశాడు. చివరికి 1876లో గాలివానకి చెట్టు కూలిపోయింది. అయితే అప్పటికే దాని గింజలు ఏరి మొక్కలు పెంచి ఉంచారు కొందరు. 1881లో కన్నింగ్‌హామ్ దొరగారు అక్కడ మళ్ళీ రావిమొక్క నాటించారు.

అంతకంటే ముందు చూపు ఒక ఆడపిల్లది. క్రీస్తుకి పూర్వం మూడో శతాబ్దంలో అశోకుడి కూతురు సంఘమిత్ర ఆ చెట్టు కొమ్మను ఓడలో సింహళానికి తీసుకువెళ్ళిందిట. అనూరాధపురంలో నాటిన ఆ చెట్టు ఈనాటికీ పచ్చగా ఉంది. పుట్టింట్లో తల్లిచెట్టు కూలినా, అత్తవారింటికి వెళ్ళిన పిల్లలా అది నిలబడింది!

ఈ కథ అత్తగారికి వినిపిస్తే ఒక్క నిమిషం ఊరుకుని, “మన పెద్దమ్మాయి విజయవాడలో ఇల్లు కట్టుకున్నప్పుడు మన చెట్టుకింది మొక్కే పట్టుకెళ్ళింది కదుటే!” అన్నారు.

2015 జూలైలో మా వదినగారు ఒళ్ళో పెట్టుకుని రైల్లో తెచ్చారు, జానెడు మొక్కని. నాటింది నేను, పెంచింది అత్తగారు. నీళ్ళు నిలవకుండా మట్టి ఎగదోసి, పాతచీర పేలికతో కర్రకి వదులుగా కట్టి, మేకలు రాకుండా ముళ్ళకంప పెట్టి కాపలా కాశారు. “పూత చూస్తానో లేదో” అని రోజూ అంటూనే ఉండేవారు.

2020 ఉగాది మార్చి 25న వచ్చింది. లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. బజారు లేదు, పువ్వు లేదు. మా వేప మాత్రం తొలిసారి పూసింది. గోడమీదనుంచి నాలుగిళ్ళవాళ్ళకీ అందించాం. అత్తగారు పచ్చడి నాలికమీద వేసుకుని, “పాత చెట్టంత చేదు లేదే” అని పెదవి విరిచారు. కళ్ళు మాత్రం తుడుచుకున్నారు.

ఆ తరవాత ఏ వేసవిలో చెట్టుకింద మొక్కలు లేచినా ఆవిడ ఊరుకోలేదు. పాలకవర్లలో మట్టి నింపించి, ఇంటికొచ్చిన వాళ్ళందరి చేతా ఒక్కొక్కటి పట్టించారు.

చెట్టును దాచుకోవలసిన చోటు ఎదుటివాళ్ళ పెరడేనండీ!